కొట్టివేతలతో సహా

నాలో నాది అని చెప్పుకోదగ్గది వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. సంతకం కింద గీసే గీత మా హెడ్మాస్టరుగారిది. నవ్వే ముందు ముక్కు ఎగబీల్చడం మా మేనమామది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగి, కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ అందుకోవడం ఇంటర్లో తెలుగు చెప్పిన మేష్టారిది. ఆయన బయట ఏం చూసేవారో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం ఎదురింటి వాటర్ ట్యాంకు చూస్తుంటాను. ఇవన్నీ వాళ్లవాళ్లకి తిరిగిచ్చేస్తే నా దగ్గర మిగిలేది ఆధార్ కార్డు ఒక్కటే.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనే అనుకునేవాణ్ణి. నడక, మాట, అన్నం ముద్ద కలపడం ఎవరు పాఠం పెట్టి చెప్పారు గనక? ఎదుటివాళ్లని చూసి పట్టేసుకున్నవే అన్నీ. నా తెలివితక్కువతనం వేరేచోట ఉంది. యాభై దాటాక ఒకసారి కూర్చుని లెక్క చూసుకుంటే, నేను కావాలని, పట్టుబట్టి, ఇష్టపడి ఎవరి దగ్గర్నుంచైనా దించుకోబోయినవి ఒక్కటీ సరిగ్గా రాలేదని తేలింది. చచ్చినా ఇలా చెయ్యకూడదు అని ఒట్టు పెట్టుకున్నవి మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చేశాయి.

ముందు రానివాటి సంగతి చెబుతాను. 1987లో ‘పసివాడి ప్రాణం’ వచ్చింది. చిరంజీవి బ్రేక్ డాన్స్ చూసి తెలుగునాట కుర్రకారు కీళ్లన్నీ ఒక్కసారిగా పట్టు తప్పాయి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సినిమాకి వెళ్లినప్పుడల్లా కథ గాలికొదిలేసి ఆ డాన్సు ఒక్కటే కంఠతా పట్టాను. మోచెయ్యి ఎప్పుడు విరగాలి, ఏ భుజం మీంచి ఏ భుజం మీదికి అల పాకాలి, అన్నీ మనసులో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారనుకుని వసారాలో మొదలుపెట్టాను. అల ఎడమచేతి వేళ్ల దగ్గర బాగానే బయల్దేరింది. భుజం దాకా వచ్చి అక్కడ ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించడానికి నేను పడుతున్న అవస్థ చూసి మా నాయనమ్మ కెవ్వున అరిచి, బొడ్లోంచి తాళాలగుత్తి తీసి నా గుప్పిట్లో కుక్కింది. ఫిట్సు వచ్చిందనుకుంది పాపం.

ఎదుటివాళ్లని చూసి నేర్చుకోవడం మీద చాలా పని చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా. కెనడాలో చిన్న ఊళ్లో 1925లో పుట్టి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2021లో పోయాడు. చూసి నేర్చుకోవడానికి నాలుగు కావాలంటాడాయన. చేసేవాడి మీద దృష్టి నిలవాలి. చూసింది గుర్తుండాలి. అది చెయ్యడానికి ఒళ్లు సహకరించాలి. చెయ్యాలన్న కోరిక ఉండాలి. ఆ వసారాలో నా దగ్గర మూడున్నాయి. మూడు వంతులు సిద్ధమైనవాడికి మూడు వంతుల డాన్సు వస్తుందని అనుకోవడమే నా పొరపాటు. తాళాలగుత్తి వచ్చింది.

తర్వాత లెక్కల మేష్టారు. తెనాలిలో చదువుకునేటప్పుడు ఆయన పాఠమంటే నాకు పూజలాంటిది. లెక్క బోర్డు మీద రాసి, రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు మూసుకుని నిలబడేవారు. క్లాసంతా నిశ్శబ్దం. కళ్లు తెరిచాక ఇక ఆగేవారు కాదు. పై నుంచి కింది దాకా ఒక్క అంకె చెరపకుండా లెక్క దిగిపోయేది. ఆ కళ్లు మూసుకోవడంలోనే ఏదో ఉందని నాకు గట్టిగా అనిపించింది.

డిగ్రీ అయ్యాక పదో తరగతి పిల్లలకి ట్యూషన్లు మొదలుపెట్టాను. మొదటి లెక్క బోర్డు మీద రాశాను. రెండడుగులు వెనక్కి వేశాను. కళ్లు మూసుకున్నాను. లోపల ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు. వెనక బెంచీలోంచి ఒక గొంతు, ‘సార్‌కి నిద్రొస్తోందిరా’ అంది. ఇంకో గొంతు, కొంచెం జాలిగా, ‘నిద్ర కాదురా, రావట్లేదు’ అంది. ఆ రెండో కుర్రాడు తర్వాత ఇంజనీరయ్యాడని విన్నాను. ఆశ్చర్యం వెయ్యలేదు.

పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి మేష్టారింటికి వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. లెక్క చేసే ముందు కళ్లు మూసుకుని ఏం చేసేవారు సార్ అని. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. గుర్తుచేస్తే గట్టిగా నవ్వారు. ‘సుద్దపొడి పడదయ్యా నాకు. కళ్లు మండుతాయి’ అన్నారు.

పద్నాలుగు నెలల పసివాళ్లు కూడా ఇంత తప్పు చెయ్యరు. ఈ మాట ఊరికే అనడం లేదు. హంగరీకి చెందిన పరిశోధకుడు గెర్గెలీ, మరికొందరు కలిసి చేసిన ప్రయోగమొకటి 2002లో అచ్చయింది. పసివాళ్ల ఎదుట ఒక మనిషి దీపం పెట్టెని చేత్తో కాకుండా నుదుటితో నొక్కి వెలిగిస్తుంది. ఒక జట్టు చూసినప్పుడు ఆ మనిషి చేతులు బల్ల మీద ఖాళీగా ఉన్నాయి. ఇంకో జట్టు చూసినప్పుడు చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉంది. మొదటి జట్టులో 69 శాతం పిల్లలు తామూ నుదుటితోనే నొక్కారు. రెండో జట్టులో అలా చేసినవాళ్లు 21 శాతమే. ‘ఆవిడ చేతులు ఖాళీ లేవు కాబట్టి తల వాడింది, నా చేతులు ఖాళీయే కదా’ అన్న లెక్క, ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని ఆ పసిబుర్రల్లో ఎక్కడో నడిచిందన్నమాట. ఈ మనిషి ఇలా ఎందుకు చేస్తోంది అని వాళ్లు లోలోపల ప్రశ్నించుకున్నారు. నేను డిగ్రీ పట్టా చేతబట్టుకుని సుద్దపొడిని జ్ఞానం అనుకున్నాను.

మేష్టారింట్లో ఇంకొకటి చూశాను. బల్ల కింద రఫ్ నోటు పుస్తకాల దొంతర. రేపు క్లాసులో చెప్పబోయే లెక్కని రాత్రి కూర్చుని ఒకటికి రెండు మూడు పద్ధతుల్లో చేసుకునేవారట. పేజీల నిండా కొట్టివేతలు, బాణాలు, ‘ఇక్కడ తన్నింది’ అని పక్కన రాసుకున్న మాటలు. అన్నేళ్లూ మేం చూసింది ఆయన ఫెయిర్ కాపీ. నేను దించుకున్నది ఆ ఫెయిర్ కాపీ మీద పడిన సుద్దపొడి.

ఇంత జరిగాక బుద్ధొచ్చి ఉంటుందని మీరనుకుంటారు. వచ్చింది, కానీ అడ్డదిడ్డంగా వచ్చింది. ఎదుటివాళ్లు చేసే ప్రతిదీ దించకూడదు, అవసరమైంది ఏదో అనవసరమైంది ఏదో వివేచించి తీసుకోవాలి అని తీర్మానించుకున్నాను. ఆ వివేచన ఆవకాయ మీద ప్రయోగించాను.

నాయనమ్మ పోయాక ఒక వేసవిలో, హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు వంటింట్లో, ఈ ఏడు ఆవకాయ నేనే పెడతానన్నాను. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూసినవాణ్ణే. ఆవిడ తలస్నానం చేసి తూర్పు ముఖంగా కూర్చునేది. జాడీకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ముక్కలకి జీడి తీసి, పొర తీసి, ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడిచేది. జాడీ ఎండలో పెట్టేది. గరిటె ఎండలో పెట్టేది. తడిచేత్తో ఎవరైనా ఆ గదిలోకొస్తే కసిరేది. కలిపేటప్పుడు ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. మూడోనాడు తిరగకలిపి, ముక్క మునిగేదాకా నూనె పోసి, మళ్లీ వాసెన కట్టేది.

నేను చదువుకున్నవాణ్ణి. ఇందులో చాదస్తం ఎంతో, అసలు ఎంతో విడదీశాను. కడిగిన ముక్కని మళ్లీ తుడవడం చాదస్తం. స్టీలు గరిటెకి ఎండెందుకు? చాదస్తం. అంత నూనె గుండెకి మంచిది కాదు, తగ్గించాను. బొట్టు మాత్రం ఉంచాను. ఫొటోలో బాగుంటుందని. ఆ ఫొటో చుట్టాలందరికీ పంపాను కూడా. కొన్నాళ్లకి వాసెన విప్పితే లోపల తెల్లటి బూజు, బొట్టు పెట్టిన జాడీలో, చక్కగా పరుచుకుని ఉంది. అమ్మ ఫోన్లో ఒక్కటే అడిగింది. ‘ముక్క తుడిచావుట్రా?’

స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక పెట్టె. లోపల బహుమతి. చూపించే మనిషి పుల్ల తీసుకుని ముందు పెట్టె పైన ఉన్న రంధ్రంలో పొడుస్తాడు. దానివల్ల ఏమీ జరగదు. తర్వాత ముందువైపు రంధ్రంలో పెట్టి బహుమతి లాగుతాడు. పెట్టె లోపల ఏముందో కనబడనంతసేపు చింపాంజీ పిల్లలు రెండు పనులూ చేశాయి. అద్దంలా లోపలంతా కనబడే పెట్టె ఇచ్చేసరికి పైన పొడవడం మానేసి, నేరుగా బహుమతి లాక్కున్నాయి. మూడు నాలుగేళ్ల మనుషుల పిల్లలు మాత్రం లోపల కనబడుతున్నా సరే, ఆ దండగ పని కూడా వదలకుండా చేశారు.

ఇది మొదటిసారి చదివినప్పుడు చింపాంజీల తెలివికి మురిసిపోయాను. బూజు పట్టిన జాడీ కడుగుతున్నప్పుడు పిల్లల పక్షానికి మారాను. చింపాంజీ అనవసరాన్ని వదిలింది, లోపల ఏముందో కళ్లతో చూశాక. ఆవకాయ జాడీ లోపల ఏం జరుగుతుందో నేనెప్పుడు చూశాను? తడి తగిలితే బూజు ఎందుకొస్తుందో, పైన నూనె తేలుతూ గాలిని ఎందుకు ఆపాలో నాయనమ్మ కూడా చెప్పలేదు. ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు. చూసింది చూసినట్టు చేసింది. బొట్టుతో పాటు పొడిగుడ్డని కూడా అందుకుంది, భద్రంగా నా దాకా తెచ్చింది. కారణం కనబడనిచోట అంతా దించుకోవడమే క్షేమం. ఏది వదిలెయ్యచ్చో ఆ పని పది వేసవులు చేసినవాడు చెప్పాలి. నేను మొదటి వేసవిలోనే సంస్కర్తనయ్యాను.

ఇక వచ్చినవాటి సంగతి. ఇవి చెప్పడం కష్టం.

చిన్నప్పుడు గుంటూరు వెళ్లే బస్సులో మా నాన్నకీ కండక్టరుకీ చిల్లర దగ్గర తగువైంది. నాన్న సీట్లోంచి లేచి, ఎడమచేత్తో సంచీ పొట్టకి అదుముకుని, కుడిచేతి చూపుడువేలు ఆడిస్తూ, ‘నీలాంటివాళ్లని ఎంతమందిని చూశానో తెలుసా!’ అని అరిచారు. బస్సంతా మావైపు తిరిగింది. ఎవరో నవ్వారు కూడా. మాట మీద మాట పెరిగి దారిలోనే దిగిపోయాం. ఎండలో అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ముందు నడిచింది. పెద్దయ్యాక నేను ఎవర్నీ ఇలా అరవను అని ఆ రోడ్డు మీదే నిర్ణయించుకున్నాను. చాలా ఏళ్లు అరవలేదు కూడా. నా అంత శాంతమూర్తి లేడని పేరు.

మా ఫ్లాటుకి సిలిండర్ తెచ్చిన కుర్రాడు పైకి మోసినందుకు ఇంకో ఇరవై రూపాయలు అడిగాడు ఒకరోజు. లిఫ్టు పనిచెయ్యట్లేదు. వాడు అడిగింది న్యాయం. నాకు ఆఫీసులో ఏదో చిరాకు. నోరు తెరిచాను. ‘నీలాంటివాళ్లని ఎంతమందిని చూశానో తెలుసా!’ అక్షరం పొల్లుపోలేదు. చూపుడువేలు ఆడుతోంది. ఎడమచేతిలో సంచీ లేదు గాని, చెయ్యి పొట్ట దగ్గరికే వెళ్లింది. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది, ‘మామయ్యగారు ఎప్పుడొచ్చారండీ?’ అని.

బండూరాకి పేరు తెచ్చిన ప్రయోగం 1961 నాటిది. డొరొతియా రాస్, షీలా రాస్‌లతో కలిసి చేశాడు. స్టాన్‌ఫర్డ్ నర్సరీలో 72 మంది పిల్లలు. తోస్తే పడి మళ్లీ లేచి నిలబడే గాలిబొమ్మ ఒకటి. ఒక జట్టు పిల్లల ఎదుట పెద్దవాళ్లొకరు ఆ బొమ్మ మీద కూర్చుని ముక్కు మీద గుద్ది, సుత్తితో కొట్టి, కాలితో తన్నారు. తర్వాత ఆ పిల్లల్ని బొమ్మతో వదిలేస్తే వాళ్లూ అవే దెబ్బలు, అవే మాటలతో కొట్టారు. ఇది చాలామందికి తెలుసు. నాకు బస్సు గుర్తుకు తెచ్చింది మాత్రం 1965లో వచ్చిన ఇలాంటిదే మరో ప్రయోగం. ఈసారి 66 మంది పిల్లలకి సినిమా చూపించారు. కొందరు చూసిన సినిమాలో, బొమ్మని కొట్టినవాడికి చివర్లో చీవాట్లు, దెబ్బలు పడ్డాయి. అది చూసిన పిల్లలు బొమ్మని తక్కువ కొట్టారు. బాగుంది కదా, బుద్ధొచ్చింది కదా అనిపిస్తుంది. అప్పుడు పరిశోధకులు, సినిమాలో వాడు చేసినవి చేసి చూపిస్తే స్టిక్కర్లు, పళ్లరసం ఇస్తామన్నారు. అంతే, శిక్ష చూసిన పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగా అన్నీ చేసి చూపించారు. అందరూ నేర్చుకునే ఉన్నారు. కొందరు బయటపెట్టలేదు, అంతే.

నా సంగతీ అంతే. నాన్నకి బస్సులో జరిగిన అవమానం, అమ్మ మౌనం నాకు శాంతం నేర్పాయని అన్నేళ్లూ మురిసిపోయాను. అవి నేర్పింది నోరు మూసుకోవడం మాత్రమే. అరుపు లోపల వేలితో సహా భద్రంగా ఉంది. ఎదుటివాడు నాకంటే చిన్నవాడు, తిరిగి అనలేడు అని తెలిసిన రోజున బయటికొచ్చింది. ఆ కుర్రాడికి డబ్బులిచ్చి, క్షమించమన్నాను. వాడు మెట్లు దిగుతూ అదోలా చూశాడు. వాడు కూడా ఎంతమందిని చూశాడో.

ఇంతకీ ఇష్టపడి నేర్చుకోబోయినవి రాక, వద్దని ఒట్టేసుకున్నవి ఎందుకొచ్చాయి? మేష్టారిని నేను చూసింది రోజుకో గంట, అదీ బోర్డు ముందు. ఆయన పడిన పాట్లన్నీ మా కళ్లు పడనిచోట జరిగాయి. చిరంజీవిని చూసింది తెర మీద. అది ఎన్ని రిహార్సల్స్ తర్వాతి చివరి రూపమో థియేటర్లో కూర్చున్నవాడికి ఏం తెలుస్తుంది? నాన్నని మాత్రం తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చూశాను. కోపం ఎలా మొదలవుతుందో, ముందు పెదవి ఎలా బిగుస్తుందో, చల్లారాక ఎలా తల దించుకు కూర్చుంటారో, అన్నీ చూశాను. ఆయన రఫ్ పుస్తకం మొత్తం నా ఎదుటే రాశారు. మెచ్చుకున్నవాళ్ల దగ్గర అలంకారం దొరుకుతుంది. కలిసి బతికినవాళ్ల దగ్గర మొత్తం మనిషి దొరుకుతాడు. నాయనమ్మ ఆవకాయ ఒక్కటే రెండిటికీ మధ్య నిలిచింది. మొత్తం నా కళ్లముందే ఉంది. అందులోంచి కూడా నేను అలంకారాన్నే ఏరుకున్నాను.

ఈ జ్ఞానోదయం నాకు మావాడి విషయంలో ఉపయోగపడాలి. ముందు ఏం చేశానంటే, వాడు హాల్లోంచి వెళ్లేటప్పుడల్లా ఒక లావుపాటి పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. తండ్రి చదివితే కొడుకు చదువుతాడని. వాడు తల తిప్పి చూస్తే ఒట్టు. ఒకరోజు టవల్ కట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబడి, ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా, ఫోన్లో స్నేహితుడికి ‘దార్లో ఉన్నాన్రా, సిగ్నల్ దగ్గర. రెండు నిమిషాలు’ అని చెబుతున్నాడు. అందులో ప్రతి మాటా నాదే. సిగ్నల్ కూడా నాదే. పుస్తకం ప్రదర్శన. ‘దార్లో ఉన్నాను’ జీవితం. వాడికి తేడా తెలిసింది.

అప్పటి నుంచి ప్రదర్శనలు మానేశాను. వాడికి పదో తరగతి లెక్కలు చెప్పేటప్పుడు ముందుగా చేసుకొచ్చి, తడబాటు కనబడకుండా చేసి చూపించడం మానేశాను. వాడి ఎదుటే మొదలుపెడతాను. తన్నినచోట తన్నిందంటాను. రెండు ఏటవాలు గీతలు పెట్టి కొట్టేసి, పక్కన ‘మళ్లీ’ అని రాసుకుని, మొదటి నుంచి చేస్తాను. వర్గ సమీకరణాల దగ్గర ఒక సాయంత్రమంతా అలాగే గడిచింది. కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే నిద్రొచ్చే వయసు కూడా వచ్చేసింది.

మొన్న వాడు లేనప్పుడు వాడి నోటు పుస్తకం తిరగేశాను. కొట్టివేతలు అచ్చం నావే. రెండు ఏటవాలు గీతలు, పక్కన ‘మళ్లీ’. నాకంటే నీటుగా ఉన్నాయి. లెక్క తప్పు. దాని కింద మళ్లీ చేశాడు, అదీ తప్పే. పేజీ అడుగున ఇంకోసారి మొదలుపెట్టి ఉంది. మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి, ‘ఈ మొండితనం ఎవరి దగ్గర నేర్చాడండీ?’ అంది. మామయ్యగారి దగ్గర కాదని మాత్రం గట్టిగా చెప్పాను. చెబుతుంటే చూపుడువేలు లేవబోయింది. దించాను.